వాకిలి దాటాక పడ్డాడని రాయించు

నరసరావుపేట,
కనుమ మర్నాడు.

చి॥ల॥సౌ॥ చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోన్లో పెట్టిన కబురు మనవడి చేత రెండుసార్లు చదివించుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నా ఆ అక్షరాలు నాకు ఆనవు. నేను మాత్రం కాగితం మీదే రాస్తాను, వాడు ఫోటో తీసి పంపుతాడు. దస్తూరీ వంకర పోయిందని నవ్వుకోకు, వేళ్ళు మునుపటిలా లేవు.

నీ కబురు రాకముందే నాకు మూడు కథలు చేరాయి. మీ అమ్మేమో అల్లుడు బాత్‌రూములో జారాడంది. మీ అత్తగారు పేరంటంలో ఎవరితోనో మంచు మీద ఆటలాడుతూ పడ్డాడన్నారట. మీ పిన్ని ఏకంగా కారు గుద్దించింది. నువ్వు రాసింది చూద్దును కదా, పొద్దున్నే పిల్లాణ్ణి కిండర్‌గార్టెన్‌లో దించి, అక్కణ్ణుంచి సైకిలు మీద ఆఫీసుకు పోతూ, ట్రాము పట్టాల దగ్గర గడ్డకట్టిన మంచు మీద జారి పడ్డాడు. మ్యూనిక్‌లో అంత పెద్ద ఇంజనీరు సైకిలు తొక్కుతాడని చెప్పుకోవడం వీళ్ళకి నామోషీ! అందుకే బాత్‌రూము పుట్టింది, ఆటలు పుట్టాయి.

ఇక్కడివాళ్ళు ఏం చెప్పుకుంటే నాకేం గానీ, ఆ ఆసుపత్రిలో మొదటి కాగితం మీద ఏం రాశారో ముందు అది చెప్పు. నొప్పితో ఉన్న మనిషి ‘సైకిలు మీంచి పడ్డాను’ అని ఊరుకుని ఉంటాడు. అది చాలదు. ఆఫీసుకు వెళ్తుండగా పడ్డానని రాయించాలి. ఏ వీధి, ఎన్ని గంటలు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎవరు చూశారు, అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేశారు, అన్నీ ఉండాలి.

మనవణ్ణి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి అక్కడి రూల్సు చదివించుకున్నాను. పనికి పోయే దారిలో గానీ వచ్చే దారిలో గానీ జరిగిన ప్రమాదాన్ని మీ దేశంలో ‘వేగె ఉన్‌ఫాల్’ అంటారట. 1925 నుంచీ ఉందట ఆ ఏర్పాటు. దాని ఖర్చు మీ జీతంలో కోసుకునే ఆరోగ్యబీమాది కాదు, యజమానులే చందా కట్టే ప్రమాదబీమా సంస్థది. ఆ సంస్థ పేరు ‘బెరూఫ్స్‌గెనోసెన్‌షాఫ్ట్’. పలకడానికి నాకు ఒక పూట పట్టింది, పెట్టుడుపళ్ళు ఊడినంత పనయింది. బీజీ అంటే సరిపోతుందట, ఆ ముక్క ముందే చెప్పొద్దూ వాడు! ఇలాంటి దెబ్బలు చూడ్డానికి ‘డి-ఆర్ట్స్ట్’ అని వేరే అనుమతి ఉన్న డాక్టరు ఉంటాడు. అల్లుణ్ణి చూసింది ఆయనేనా కనుక్కో. ఆఫీసువాళ్ళు కూడా తమకు తెలిసిన మూడు రోజుల్లో బీజీకి రాయాలి. రాశారేమో అడుగు, ‘రాసే ఉంటార్లే’ అనుకోకు.

ఇంటి లోపల మెట్ల మీద పడితే లెక్కలోకి రాదట, వీధి వాకిలి దాటాకే లెక్క. మధ్యలో కూరలు కొనడానికి పక్కకు మళ్ళితే పేచీ పెడతారు. కానీ ఉద్యోగం కోసం పిల్లాణ్ణి బడిలో దించడానికి తిరిగిన చుట్టుదారికి మాత్రం ఒప్పుకుంటారు. కాబట్టి పిల్లాణ్ణి దించిన సంగతి దాచిపెట్టకు. దాచిపెట్టి దారి తిన్నగా ఉందని చెబితే అదే చిక్కు.

తేడా ఏమిటంటావా? మామూలు బీమా అయితే ఆసుపత్రిలో రోజుకు 10 యూరోలు మీరు కట్టుకోవాలి, ఏడాదికి 28 రోజుల దాకా. బీజీ అయితే అది లేదు. ఎటూ మొదటి ఆరు వారాలు జీతం ఆఫీసే ఇస్తుంది. ఆ తర్వాత మామూలు బీమా ఇచ్చేది జీతంలో 70 శాతం, బీజీ ఇచ్చేది 80 శాతం. ఎముక సంగతి నాకు తెలుసు చిట్టీ, మోకాలి కింద పెద్ద ఎముక విరిగి లోపల రాడ్డు వేశారంటే ఆరు వారాల్లో తేలే వ్యవహారం కాదు. నాలుగు నెలలూ పట్టొచ్చు, ఆరూ పట్టొచ్చు.

ఈ ముసలమ్మ కాలు గురించి అడక్కుండా కాగితం పట్టుకుని వేలాడుతోందేమిటా అనుకుంటున్నావు కదూ. ఎందుకో చెబుతా. మీ అమ్మక్కూడా చెప్పలేదు ఇన్నాళ్ళూ.

1973లో నేను ఒక సర్కారు ఆసుపత్రి క్యాజువాల్టీలో నర్సుగా కొత్తగా చేరాను. ఒక రాత్రి జిన్నింగు మిల్లు నుంచి హమాలీని రిక్షాలో వేసుకొచ్చారు. పత్తి బేళ్ళ దొంతి మీదపడి తొడ ఎముక నుజ్జయింది. వెంట మిల్లు గుమాస్తా ఉన్నాడు. ఏం జరిగిందని డాక్టరుగారు అడిగితే, ఇంట్లో నిచ్చెన మీంచి పడ్డాడండీ అన్నాడు. ‘అవునా అమ్మా’ అని పెళ్ళాన్ని అడిగారు. ఆమె గుమాస్తా వంక చూసి తలూపింది. అతని జుట్టు నిండా, చొక్కా నిండా దూది. నేను చూశాను. చూసి కూడా, డాక్టరుగారు చెబుతుంటే చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏడాది తిరక్కుండా ఆమె చంకలో పిల్లతో వచ్చి, ఆ కాగితం నకలు ఇప్పించమంది. మనకి 1923లోనే పనివాళ్ళకి నష్టపరిహారం ఇప్పించే చట్టం వచ్చింది, ఆ సంగతి ఆమెకి ప్లీడరెవరో చెప్పాడట. రిజిస్టరు తీశాం. నిచ్చెన అని ముత్యాల్లాంటి అక్షరాలు. అప్పట్లో నా దస్తూరీకి పేరుండేది. ఆమె నన్నేం అనలేదు. ఆ మనిషి ఎలా ఉన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు.

సరే. అన్నం తింటున్నావా? ఆ మాట ఎక్కడా రాయలేదు నువ్వు. రాత్రి భోజనానికి ఆసుపత్రిలో చల్లటి రొట్టె, జున్నుముక్క, ఏదో మాంసం పల్చటి ముక్కలు ఇస్తున్నారని అల్లుడి గురించి బెంగపెట్టుకున్నావు. వాళ్ళ ఇళ్ళల్లోనూ రాత్రిపూట అంతేనటలే, మధ్యాహ్నమే వేడి భోజనం. తిననీ. నువ్వు పిల్లాణ్ణి ఒక చేత్తో, ఆవకాయ అన్నం డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని రోజూ రెండు ట్రాములు మారకు. రెండ్రోజులకోసారి చాలు. ఆ మధ్య రోజు నువ్వు పడుకో.

నీ భాష చాలదని సిగ్గుపడుతున్నావు. మద్రాసులో మీ పెద్దనాన్నతో నేను ఎంత ఇబ్బంది పడ్డానో నీకు తెలియదు, నువ్వు పుట్టలేదు. 1986లో ఆయనకు స్కూటరు ప్రమాదం. పన్నెండేళ్ళకు పైగా నర్సుగా చేసిన దాన్ని, అరవం రాక ఆ వార్డులో మూగదాన్నయ్యాను. అక్కడి సిస్టరు ‘వెళియే పో’ అని చెయ్యి చూపిస్తే, రోజూ నేను నా వార్డులో చుట్టాలను గెంటే గెంటుడు గుర్తొచ్చి, మారుమాట్లాడకుండా వరండాలోకి పోయాను. మర్నాటి నుంచి ఒక పని చేశాను. అడగాల్సింది బయట మందుల షాపతని చేత అరవంలో రాయించుకుని, ఆ చీటీ డాక్టరు చేతిలో పెట్టేదాన్ని. నువ్వు కూడా ఇంట్లోనే జర్మన్‌లో రాసుకుని వెళ్ళు. చీటీలో మూడు ప్రశ్నలకు మించొద్దు, నాలుగోదానికి వాళ్ళు గడియారం చూస్తారు. ఆ వార్డులో మలయాళీ సిస్టరు ఎవరైనా ఉన్నారేమో చూడు. అరవైల నుంచే కేరళ అమ్మాయిలు ఆ దేశం వెళ్ళి పనిచేస్తున్నారు. నాతో చదువుకున్న ఒకమ్మాయి కూడా వెళ్ళింది. ఇప్పుడు తెలంగాణ నుంచీ టామ్‌కామ్ అనే సర్కారు సంస్థ వాళ్ళు నర్సులకు భాష నేర్పించి పంపుతున్నారు, తెలుగు పలుకే వినబడొచ్చు.

ఇంకోటి. ఫోన్లో డాక్టరు నీకు ఏమీ చెప్పలేదని ఏడ్చావట. అది నీమీద చిన్నచూపు కాదు తల్లీ, రోగి ఒప్పుకోనిదే ఎవరికీ చెప్పకూడదు అక్కడ. అల్లుడి చేతే చెప్పించు, నా భార్యకు అన్నీ చెప్పండని. తెలివిలో లేని మనిషి తరఫున భార్యాభర్తలు ఒకరికొకరు వైద్యం విషయం తేల్చుకోవచ్చని 2023 జనవరి నుంచి వాళ్ళు చట్టమే చేశారు, ఆరు నెలల వరకు. మీకా అవసరం రాలేదు, రాకూడదు కూడా. తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నా.

మందుల ఫోటో చూశాను. నోవల్జిన్ అంటే మన అనాల్జినే. ఇక్కడ 2013లో ఆపేసి, మరుసటి ఏడాది మళ్ళీ ఒప్పుకున్నారు. నొప్పికి బాగానే పనిచేస్తుంది. ఎప్పుడో అరుదుగా ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి. అది వాడుతుండగా జ్వరమో, గొంతునొప్పో, నోట్లో పుండ్లో వస్తే జలుబులే అని ఊరుకోకుండా మందు ఆపి, వెంటనే డాక్టరుకు చూపించు. పొట్టమీద వేసే సూది రక్తం గడ్డకట్టకుండా. ఇంటికొచ్చాక నువ్వే వెయ్యాలని భయపడుతున్నావు, చర్మం మడత పట్టుకుని నిటారుగా గుచ్చు, తర్వాత రుద్దకు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా 112కి ఫోన్ చెయ్యి, నాకు కాదు. మీ అత్తగారు పుత్తూరు నూనె పార్సిలు చేస్తానంటున్నారు. పుత్తూరు కట్టుతో లేచి నడిచినవాళ్ళని నేనూ చూశాను, కాదనను. కానీ లోపల రాడ్డు, పైన కుట్లు ఉన్నచోట మర్దనా కుదరదు. నూనె వస్తే రానీ, అలమర్లో పెట్టు.

మీది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కర్రలతో మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బకాలూ ముందు. ఇది ఆయనకు రోజుకు పదిసార్లు చెప్పు, విసుక్కుంటే విసుక్కోనీ. విసుగంటే గుర్తొచ్చింది. మద్రాసు నుంచి వచ్చాక మీ పెద్దనాన్న కాఫీ చల్లారిందని గ్లాసు గోడకేసి కొట్టారు. అంత నెమ్మదస్తుడు! నేను ఆ పూట వంట మానేసి వాకిట్లో కూర్చున్నాను. ఆయన మంచం దిగలేరు, నేను లోపలికి వెళ్ళను. చీకటి పడ్డాక ఆయనే పిలిచి, పప్పన్నం చాలన్నారు. ఆ గ్లాసు సొట్ట ఇంకా అలాగే ఉంది. ఈ పొద్దు కూడా అందులోనే తాగారు, సొట్టవైపు పెదవి పెట్టకుండా తిప్పుకుని.

మీ అమ్మ రేపే బయల్దేరతానంటోంది. నేనే ఆపాను, కోపగించుకోకు. వీసా వస్తే ఆర్నెల్లలో తొంభై రోజులే ఉండనిస్తారు. అల్లుడు ఆసుపత్రిలో ఉండగా వచ్చి ఆమె చేసేదేముంది, నీ పక్కన కూర్చుని ఏడవడం తప్ప? ఆయన ఇంటికొచ్చి, నువ్వు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళే రోజున కావాలి మనిషి. ఈలోగా హైదరాబాదులో వీఎఫ్‌ఎస్‌ ఆఫీసులో వీసా కాగితాలు ఇచ్చేస్తే సరి. ప్రయాణబీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. ఇంటికి పంపేముందు ఆసుపత్రిలో ‘సోషల్ డీన్‌స్ట్’ వాళ్ళని అడుగు, స్నానానికి కుర్చీ, కర్రలు, ఇంటికి వచ్చే సాయం వాళ్ళే చూస్తారు. మొహమాటపడకు. చిన్నప్పుడు కూడా మా ఇంట్లో రెండో అరిసె కావాలని నోరు తెరిచి అడిగేదానివి కాదు, గిన్నె దగ్గరే నిలబడేదానివి. అక్కడ గిన్నె దగ్గర నిలబడితే ఎవరికీ తెలియదు.

నీ కాళ్ళు జాగ్రత్త. ఆ మంచులో చెప్పులతో చెత్త వెయ్యడానికి దిగకు. పిల్లాడికి నాన్న కాలు విరిగిందనే చెప్పు, ఊరెళ్ళాడని చెప్పకు.

మళ్ళీ అడుగుతున్నాను. ఆ మొదటి కాగితం ఫోటో తీసి పంపు. జర్మన్‌లో ఉంటే ఉండనీ, మనవడు చదువుతాడు. తప్పుగా ఉంటే ఇప్పుడే మళ్ళీ చెప్పి సరిచేయించు, అల్లుడు మొహమాటపడితే నువ్వు చెప్పు.

ఉంటాను. అల్లుడికి ఆశీస్సులు, బుడ్డోడికి ముద్దులు.

మీ పెద్దమ్మ.

తా.క. వంకాయ పెడితే పుండు చీము పడుతుందా అని అడిగావు. పడదు. పెట్టు. పప్పూ పెట్టు, గుడ్డూ పెట్టు. మీ అత్తగారు అడిగితే పెద్దమ్మ పెట్టమందని చెప్పు, ఆవిడకి నా ఫోన్ నంబరు తెలుసు.