నాలుగు చారలు వదులుకోవాలా?

సమస్య

నాకు 37 ఏళ్లు. మాది గుంటూరు. హైదరాబాద్‌లో ఒక వ్యాపార సంస్థ సొంత విమానానికి కెప్టెన్‌ని. చిన్న కింగ్ ఎయిర్, దానికి ఇద్దరమే పైలట్లం, బేగంపేట నుంచి ఎగురుతాం. జీతానికి లోటు లేదు. ఛైర్మన్ గారు మంచి మనిషి. ఏడాది మొత్తం మీద మూడొందల గంటలు కూడా ఎగరను. వినేవాళ్లకి ఇది సుఖమైన ఉద్యోగమే.

కానీ రేపు ఎక్కడుంటానో ఈ రాత్రి పదింటికి గానీ తెలియదు. "పొద్దున్నే ఆరింటికి వైజాగ్" అని ఫోనొస్తుంది. మీటింగ్ ఒంటిగంటకి అయిపోతుందంటారు, సాయంత్రం ఆరవుతుంది. అంతసేపూ విమానం దగ్గర పడిగాపులు. సామాను ఎక్కించేదీ, టిఫిన్లు తెప్పించి సర్దేదీ, సీట్ల మీద నలిగిన పేపర్లు తీసేదీ మేమే. వారానికో సెలవు ఉంది, కాగితం మీద. తిరుపతికి టికెట్లు తీయడం, రద్దు చేయడం మామూలైపోయి, ఈమధ్య మా ఆవిడ తనకీ పాపకీ మాత్రమే తీస్తోంది.

ఇప్పుడో ఎయిర్‌లైన్స్‌లో అవకాశం వచ్చింది. ఎయిర్‌బస్ నడిపిన అనుభవం లేదు కాబట్టి కో-పైలట్‌గా చేరాలి. భుజం మీది నాలుగు చారలు తీసేసి, నాకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవాలి. మొదట్లో జీతమూ తగ్గుతుంది, ఇంటి లోను ఉంది. మా ఆవిడ వెళ్లమంటోంది. నాన్నగారేమో "కెప్టెన్‌వై ఉండి మళ్లీ మొదట్నించా?" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

- ఒక పైలట్, హైదరాబాద్

సలహా

ముందు నాన్నగారి మాట తేల్చేద్దాం. కో-పైలట్‌గా కుడి సీట్లో కూర్చోవడం నామోషీ కాదు. పైలట్లు 65 ఏళ్ల వరకూ ప్రయాణికుల విమానం నడపొచ్చు. అంటే మీ ముందు ఇంకా 28 ఏళ్ల సర్వీసుంది. అందులో కొన్నేళ్లు కో-పైలట్‌గా గడిస్తే కొంప మునిగిపోదు. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో పదోన్నతికైనా, సెలవులకైనా మీరు చేరిన తేదీయే చాలావరకు లెక్కలోకొస్తుంది. వెళ్లేటట్టయితే ఈ ఏడు వెళ్లడమే మేలు.

అలాగని అక్కడ అంతా హాయి అనుకోకండి. ఎయిర్‌లైన్స్ పైలట్ల వారపు విశ్రాంతిని 2025లో 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. ఆ నిబంధనలకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోకపోవడంతో డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. రూలు ఉంటే చాలదు, దాన్ని నిలబెట్టడానికి మనుషులుండాలి. సీనియారిటీ కూడా సంస్థ నడిచినంత కాలమే. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయినప్పుడు ఎంతోమంది కెప్టెన్లు మళ్లీ ఉద్యోగాల వేటలో పడ్డారు.

మీ ఉత్తరంలో ఎగరడం గురించి ఒక్క ఫిర్యాదూ లేదు. మీ రోజులు మీ చేతిలో లేవన్నదే మీ బాధ. దానికి కారణం కార్పొరేట్ విమానయానం కాదు, ఒక విమానానికి ఇద్దరే పైలట్లు ఉండడం. మీలో ఒకరికి జ్వరమొచ్చినా విమానం నేల మీదే ఉంటుంది. అందుకే మీ సెలవు ఎప్పుడూ "చూద్దాం" దగ్గరే ఆగిపోతోంది.

కాబట్టి ఆఫర్ చేతిలో ఉండగానే ఛైర్మన్ గారితో మాట్లాడండి. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని. మూడు విషయాలు అడగండి. మూడో పైలట్‌ని పెట్టుకోవడం. నెలకు ముందే సెలవు తేదీలు రాసివ్వడం, ఆ రోజుల్లో ఫోన్ చేయకపోవడం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: వాతావరణం బాగాలేదని మీరంటే ప్రయాణం ఆగిపోవడం. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద భారీ వర్షంలో చిక్కుకుని కూలిపోయింది. ఇద్దరు పైలట్లతో సహా అయిదుగురూ పోయారు. పైన ఎవరున్నా మబ్బు లెక్కచేయదు. "ఇవాళ వద్దు సార్" అన్నందుకు మొహం మాడ్చుకునే యజమాని దగ్గర ఎంత జీతమిచ్చినా ఉండకూడదు.

ఎయిర్‌లైన్స్ వాళ్లనీ అడగాల్సినవి ఉన్నాయి. బేస్ హైదరాబాదేనా? ఢిల్లీలో వేస్తే ఇప్పుడు వైజాగ్ నుంచి రాత్రికైనా ఇల్లు చేరే మీరు, వారానికోసారి చేరతారు. శిక్షణ ఖర్చు ఎవరిది, బాండ్ ఎన్నేళ్లు? తగ్గిన జీతంతో రెండేళ్ల ఇంటి వాయిదాలు కట్టగలరా? ఈ లెక్క మీ ఆవిడతో కలిసి వేయండి. వెళ్లమంటున్నది ఆమే కదా, కష్టం సగం ఆమెదే.

ఛైర్మన్ గారు పదిహేను రోజుల్లో ఈ మూడూ కాగితం మీద పెడితే ఉండిపోండి, అలాంటి కొలువు అరుదు. "మనలో మనకి కాగితాలెందుకయ్యా" అంటే, హైదరాబాద్ బేస్ దొరికితే చాలు, నోటీసు ఇచ్చేయండి.