సర్వేకు వచ్చిన అమ్మాయికి ఏమి చెప్పాలి?

ఒక ఉదయం చేతిలో ఫారాలు పట్టుకొని నర్సింగ్ విద్యార్థినులో, ఆశా కార్యకర్తో, ఏదో సంస్థ పంపిన అమ్మాయో మీ గుమ్మం ముందు నిలబడి ఉంటారు. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, తాగే నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, ఎన్ని కాన్పులు అయ్యాయి, ఎంతమంది పిల్లలు బ్రతికి ఉన్నారు అని వరుసగా అడుగుతారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది. కూలికి వెళ్లే వేళ అవుతుంది. "పోయినసారి కూడా రాసుకుపోయారు, ఏమి ఒరిగింది?" అని మనలో చాలామంది అనుకుంటారు, కొందరు పైకే అనేస్తారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా అలాంటి ఫారాల వల్ల ప్రాణాలు నిలిచిన ఊళ్లు ఉన్నాయి. జవాబు చెప్పే మీకు కొన్ని హక్కులూ ఉన్నాయి. ఆ రెండు సంగతులూ ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆసుపత్రి పుస్తకంలో లేనివారు

మా ఆసుపత్రి ఓ.పి. పుస్తకం చూస్తే ఈ ప్రాంతంలో ఏయే జబ్బులు ఉన్నాయో తెలిసిపోతుందని మీరు అనుకోవచ్చు. కాని ఆ పుస్తకంలో ఉన్నది వచ్చినవారి పేర్లే. బస్సు ఛార్జీ లేక రానివారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక రానివారు, సిగ్గుపడి రానివారు అందులో ఉండరు. ఎక్కువ బాధ పడుతున్నది చాలాసార్లు వాళ్లే.

మహారాష్ట్రలోని గడ్చిరోలి మన తెలంగాణకు ఆనుకొని ఉన్న అటవీ జిల్లా. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నిలబడితే అవతలి వైపు ఉన్న సిరొంచ ఆ జిల్లాలోదే. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల నుండి పనిచేస్తున్నారు. వారి సంస్థ పేరు 'సర్చ్'. రాణీ బంగ్ గారు రెండు గ్రామాల స్త్రీలను ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, వారి ఊళ్లలోనే కలిసి 650 మందిని పరీక్ష చేశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉన్నట్లు తేలింది. అంతకుముందు ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి 8 మందే. 1989లో ఈ ఫలితాలు 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చాయి. పల్లెటూరి స్త్రీకి గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ తప్ప వేరే అవసరమేదీ లేదన్నట్లు నడుస్తున్న ఆరోగ్య పథకాల వారికి ఆ లెక్క మింగుడుపడలేదు. ఆ స్త్రీలు అంతకుముందు ఎందుకు చెప్పలేదు? ఎవరూ అడగలేదు గనుక.

అడగడంలో కూడా పద్ధతి ఉంది. "జననాంగ స్రావ సమస్య ఉందా?" అని ఫారంలో ఉన్నది ఉన్నట్లు చదివితే మన పల్లెలో ఏ అక్కకూ అర్థం కాదు. పక్కన అత్తగారు, మరిది లేకుండా చూసి, "తెల్లబట్ట అవుతుందా అమ్మా?" అని అడిగితే ఎన్నేళ్లుగానో మోస్తున్న బాధ బయటికి వస్తుంది. అలాగే "శ్వాసకోశ వ్యాధి" అంటే తల ఊపుతారు. "బిడ్డ డొక్కలెగరేసిందా?" అంటే ఏ రాత్రి మొదలైందో కూడా చెబుతారు. ప్రశ్న అర్థం కాకపోతే అర్థమైనట్లు తల ఊపవద్దు. "అదేమిటో మా మాటలో చెప్పమ్మా" అనండి. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేని సంగతి అయితే "పక్కకు రా, చెబుతాను" అనండి. వచ్చిన అమ్మాయి నొచ్చుకోదు. నొచ్చుకుంటే ఆమెకే ఇంకా శిక్షణ కావాలి.

పేరు పెట్టకముందే పోయిన బిడ్డ

సర్వే చేసేవారికి అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒకటుంది. "ఎంతమంది పిల్లలమ్మా?" అంటే "ఇద్దరండీ" అంటుంది తల్లి. ఆ ఇద్దరి మధ్య ఒక బిడ్డ పుట్టి నాలుగో రోజున పోయి ఉండవచ్చు. పురుడు కాలేదు, పేరు పెట్టలేదు, ఏ కాగితంలోనూ ఎక్కలేదు. ఇంట్లోవాళ్లు ఆ మాట ఎత్తవద్దంటారు. ఎందుకు గుర్తు చేసి ఏడిపించడం అన్నది వారి ప్రేమే కావచ్చు. కాని అలా చెప్పకుండా వదిలేసిన బిడ్డలు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటే, మన దగ్గర పసిబిడ్డలు బాగానే ఉన్నారని పై అధికారులు అనుకుంటారు. మందులూ మనుషులూ వేరే చోటికి పోతాయి.

గడ్చిరోలిలో ఈ లెక్క తీయడానికే చాలా శ్రమపడ్డారు. 1993 నుండి ఊళ్లలోని ప్రతి గర్భిణీని, ప్రతి కాన్పును, ప్రతి మరణాన్ని రాశారు. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి, తల్లితో కూర్చొని, పాలు తాగడం ఎప్పుడు మానింది, ఒళ్లు చల్లబడిందా, ఊపిరి వేగంగా తీసిందా అని నెమ్మదిగా అడిగి కారణం తేల్చారు. బ్రతికి పుట్టిన ప్రతి వెయ్యిమందిలో సుమారు 62 మంది నెల నిండకుండానే చనిపోతున్నారని తెలిసింది. గ్రహపాటు, దిష్టి అనుకుంటున్న మరణాలలో సగం వరకూ శరీరానికి చీము పట్టించే సూక్ష్మక్రిముల వల్లా న్యుమోనియా వల్లా జరుగుతున్నాయి. అంటే మందుకు లొంగేవే.

తర్వాత 39 గ్రామాలలో ఆ ఊరి స్త్రీలనే ఎంచుకొని శిక్షణ ఇచ్చారు. వారేమీ నర్సులు కారు, కొద్దిపాటి చదువు ఉన్నవారు. మంత్రసానితో పాటు కాన్పు దగ్గర ఉండడం, బిడ్డను తూయడం, వెచ్చగా చుట్టడం, వెంటనే తల్లిపాలు పట్టించడం, నెల రోజుల పాటు మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లి చూడడం వారి పని. జబ్బు గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పేవారు. తీసుకెళ్లలేమంటే, తల్లిదండ్రుల అంగీకారంతో ఇంటి దగ్గరే ఇంజెక్షన్ ఇచ్చేవారు. చదువురాని స్త్రీకి ఇంత బాధ్యత ఏమిటని పెద్ద డాక్టర్లు కొందరు అనుమానించారు. నిజానికి ఇది కొత్త సంగతి కాదు. వేలూరు సి.ఎం.సి.లో చదివిన డాక్టర్ రజనీకాంత్ అరోలె, డాక్టర్ మేబుల్ అరోలె దంపతులు అదే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుండే, అక్షరం రాని దళిత స్త్రీలతో సహా గ్రామ ఆరోగ్య కార్యకర్తలను తయారు చేశారు.

లెక్కపెట్టడం రానివారికి కూడా సర్చ్‌లో ఒక ఉపాయం కనిపెట్టారు. చట్రానికి పూసలు గుచ్చి, పక్కన ఒక నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం పెట్టారు. బిడ్డ పది ఊపిర్లు తీయగానే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా పూసలు గుర్తు దాటితే న్యుమోనియా అనుమానించాలి. ఇంత చిన్న వస్తువు నాకు పెద్ద ఎక్స్‌రే యంత్రం కంటే ముచ్చటగా అనిపిస్తుంది.

మూడో సంవత్సరానికి ఆ 39 గ్రామాలలో నెలలోపు మరణాలు వెయ్యికి 62 నుండి 25.5కు దిగాయి. పోల్చి చూడడానికి పెట్టుకున్న 47 గ్రామాలలో 60 దగ్గరే ఉండిపోయాయి. ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు. ఆ 47 ఊళ్ల బిడ్డలను అలా వదిలేశారా? అక్కడ ప్రభుత్వం వారి మామూలు సేవలు ఎప్పటిలాగే ఉన్నాయి. కొత్త పద్ధతి నిజంగా పనిచేస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. పోలిక లేకపోతే, ఆ ఏడు వానలు బాగా పడినందువల్ల బిడ్డలు బ్రతికారని ఎవరైనా కొట్టిపారేయవచ్చు. అయినా అడగవలసిన ప్రశ్నే అది. ఏ పరిశోధనలోనైనా "మా ఊరు ఏ వైపు? మేలు తేలితే మాకూ ఇస్తారా?" అని మీరు అడగవచ్చు.

1999లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 2011లో మన దేశ ప్రభుత్వం ఆశా కార్యకర్తల చేత ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణ మొదలుపెట్టింది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా మీ ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. రాకపోతే అడగండి, అది ఆమె చేసే ఉపకారం కాదు. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊపిర్లు తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగడం మానినా, ఒళ్లు చల్లబడినా, జ్వరంతో కాలిపోతున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. దేశం మొత్తం మీద నెలలోపు మరణాలు 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వేలో వెయ్యికి 48.6 ఉంటే, 2019-21 సర్వేలో 24.9కి తగ్గాయి. కాన్పులు ఆసుపత్రులకు మారడం వంటి కారణాలు దీని వెనుక చాలా ఉన్నాయి. కాని ఆ తగ్గుదల మనకు తెలిసిందే లక్షల ఇళ్లలో తల్లులు నోరు విప్పి చెప్పినందువల్ల.

మీరు కాదనవచ్చు

ఇంతవరకు చెప్పింది ఒక వైపు. రెండో వైపు కూడా మనకు దగ్గరలోనే జరిగింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డుకునే హెచ్.పి.వి. టీకాను 10 నుండి 14 ఏళ్ల బాలికలకు వేశారు. సుమారు 14 వేలమంది. చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవారు. తల్లిదండ్రులను అడగకుండా చాలా ఫారాల మీద వార్డెన్లే సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కాని అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. ఎన్నో దేశాలలో వాడుతున్నారు, మీ అమ్మాయికి వేయించమనే మేమూ చెబుతాం. అయితే మంచి వస్తువునైనా అడగకుండా ఇస్తే నమ్మకం పోతుంది. నమ్మకం పోతే ఆ తర్వాత పోలియో చుక్కలకు కూడా తలుపు తెరవరు. బిడ్డ తరఫున ఒప్పుకోవలసింది తల్లిదండ్రులు. వార్డెను కాదు, సర్పంచు కాదు, పాస్టరు గారూ కాదు. ఏడేళ్లు దాటిన బిడ్డనైతే బిడ్డను కూడా అడగాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నియమాలు ఇవే చెబుతున్నాయి. చదువు రాకపోతే ఫారం మీకు చదివి వినిపించాలి. వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధన జట్టుకు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి.

కాబట్టి వచ్చినవారిని కూర్చోబెట్టి ముందు మీరే అడగండి. మీరెవరు, ఎవరు పంపారు? ఇది మామూలు లెక్కా, లేక మందు పరీక్షా? రక్తం తీస్తే ఎంత, దేనికి, ఫలితం మాకు చెబుతారా? మా పేరు బయటికి పోతుందా? మధ్యలో వద్దనుకుంటే మానేయవచ్చా? మానేయవచ్చు. అందుకు మీ వైద్యం ఆగకూడదు. ఫారం మా ఆసుపత్రిదైనా ఇదే మాట. "డాక్టరమ్మ అడిగింది, కాదంటే బాగుండదు" అని మొహమాటపడి వేసిన వేలిముద్ర మాకు అక్కర్లేదు. ఒప్పుకున్న తర్వాత మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పండి. సారా తాగే అలవాటును, పోయిన బిడ్డను, మధ్యలో మానేసిన టి.బి. మాత్రలను దాచి చెప్పిన జవాబు, చెప్పని జవాబు కంటే చెరుపు చేస్తుంది.

తాళం వేసిన ఇళ్లు

ఇంకొక సంగతి మిగిలింది. నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని ఆ కాపరికి ఎలా తెలిసింది? సాయంకాలం లెక్కపెట్టాడు గనుక. మన లెక్కలలో తప్పిపోయేవారు ఎవరంటే, ఇటుక బట్టీలకు వలస వెళ్లినవారు, నల్లమల లోపలి పెంటలలోని చెంచు కుటుంబాలు, వేట మీద నెలల తరబడి వేరే తీరాలకు పోయే మత్స్యకారులు. సర్వే వారు వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది. "తాళం" అని రాసుకొని పక్క ఇంటికి వెళ్లిపోతారు. టీకాలు తప్పిన బిడ్డలు, బరువు పెరగని బిడ్డలు ఆ తాళాల వెనుకే ఎక్కువ. సర్వే చేసే మా విద్యార్థినులకు కూడా ఇదే చెబుతాం: తాళం ఉన్న ఇంటికి ఇంకో రోజు, చీకటిపడ్డాక వెళ్లండి.

వలస వెళ్లేముందు ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడు వస్తారో ఆశా కార్యకర్తకు గానీ పక్కింటివారికి గానీ చెప్పి వెళ్లండి. బట్టీ దగ్గరికి ఎవరైనా ఫారం పట్టుకొని వస్తే "మేము ఈ ఊరివాళ్లం కాదు" అని పంపేయకండి. చాలా సర్వేలలో నిన్న రాత్రి ఇక్కడ ఎవరు పడుకున్నారో కూడా రాస్తారు. గర్భిణీ స్త్రీ, చిన్నబిడ్డ ఉన్నవారు తల్లీబిడ్డల కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రేషన్ కార్డుతో పాటు పెట్టుకోండి. బిడ్డ పుట్టిన తేదీ, బరువు, వేసిన టీకాలు అందులో ఉంటాయి. ఒడిశాలోనైనా తమిళనాడులోనైనా నర్సు ఆ కార్డు చూసి, మిగిలిన టీకా అక్కడే వేయగలదు.