గాలికుంటు వ్యాధి – నానో వైద్యం – మన భస్మాలు

"వెండి, బంగారు నానో రేణువులతో పశువుల వైరస్ జబ్బులు కుదురుతాయని వింటున్నాము. మన రజత భస్మం, స్వర్ణ భస్మం కూడా అవే గదా! గాలికుంటు వచ్చిన గేదెకు పెట్టవచ్చునా?" అని పాడి ఉన్న ఇళ్ళవారు నన్ను తరచు ప్రశ్నిస్తున్నారు. ఒక్క మాటలో ముగించదగిన ప్రశ్న కాదు గనుక కొంత వివరంగా వ్రాస్తున్నాను.

మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. గాలికుంటు వైరస్ పరిమాణం సుమారు 30 నానోమీటర్లు. ముప్పై వేలకు పైగా వైరస్‌లను వరుసగా పేర్చితే గాని ఒక మిల్లీమీటరు కాదు. బాక్టీరియాను ఆపే వడపోత గుండా కూడా ఇది జారిపోతుందని 1898లో జర్మనీ శాస్త్రజ్ఞులు లోఫ్లర్, ఫ్రోష్ నిరూపించారు. జంతువులకు వ్యాధి కలిగించే వైరస్‌లలో మొట్టమొదట గుర్తింపబడినది ఇదే.

ఈ వ్యాధిలో పశువుకు తీవ్రమైన జ్వరం వచ్చి, నోటిలోను, గిట్టల నడుమ, పొదుగుపైన బొబ్బలు లేచి చితికిపోతాయి. చొంగ కారుతుంది, మేత ముట్టదు, పాలు పడిపోతాయి. పెద్ద పశువు చాలావరకు కోలుకున్నా, పూర్వపు పాడి తిరిగి రాకపోవచ్చు. లేత దూడలలో వైరస్ గుండె కండరాన్ని పట్టి హఠాత్తుగా ప్రాణం తీస్తుంది. పశువు శరీరంలో ఈ వైరస్‌ను చంపే మందు నేటికీ వాడుకలో లేదు. ఉన్న రక్షణ టీకా ఒక్కటే.

ఇక భస్మాల సంగతి. వేలి గీతలలో ఇమిడిపోవడం (రేఖాపూర్ణత్వం), నీటిపై తేలడం (వారితరత్వం) అనే పరీక్షలను మన రసశాస్త్రం ఏనాడో విధించింది. ఆ పెద్దల చూపు ఎంత సునిశితమో! స్వర్ణ భస్మంలో సుమారు 57 నానోమీటర్ల బంగారు రేణువులు ఉన్నట్లు 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఇది మనకు సంతోషకరమే. అయితే పరిమాణం ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. 2010లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో గాలికుంటు వైరస్ మాంసకృత్తిలోని చిన్న ముక్కను బంగారు రేణువులకు అతికించి ఎలుకలకు ఎక్కించారు. 8 నుండి 17 నానోమీటర్ల రేణువులు వాడినపుడు ప్రతిరక్షకాలు అధికంగా పుట్టాయి. అక్కడ బంగారం మోసుకుపోయే బండి మాత్రమే, రోగనిరోధక శక్తికి పాఠం చెప్పినది ఆ వైరస్ ముక్క. భస్మంలో ఆ ముక్క లేదు. గాజుపాత్రలో వెండి రేణువులు కొన్ని వైరస్‌లను అడ్డగించిన మాట నిజమే. కాని పశువు కడుపు గాజుపాత్ర కాదు, మనం త్రాగేది దాని పాలు. కనుక భస్మాలు గాని, "నానో వెండి" పేరుతో అమ్మే ద్రవాలు గాని గాలికుంటుకు పెట్టవద్దని నా నిశ్చితాభిప్రాయం.

నానో విజ్ఞానం నిజంగా ఆశ కలిగిస్తున్నది టీకా తయారీలో. ఇప్పటి టీకాకు సజీవ వైరస్‌ను పెద్ద మొత్తంలో పెంచి, తరువాత రసాయనాలతో నిర్జీవం చేస్తారు. ఇందులో ప్రమాదం లేకపోలేదు. 2007లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ ప్రాంగణపు పాడైన మురుగు గొట్టాల ద్వారా వైరస్ బయటపడి సమీప పశువులకు సోకిందని దర్యాప్తులు తేల్చాయి. పైగా ఈ టీకా వేడికి ఓర్వదు. వైరస్ పెంకు విచ్ఛిన్నమైతే టీకా శక్తి క్షీణిస్తుంది.

అందుచేత బ్రిటన్ శాస్త్రజ్ఞులు లోపలి జన్యుపదార్థం లేని ఖాళీ పెంకును మాత్రమే తయారుచేశారు. గింజ తీసిన చింతకాయను తలచుకోండి: ఆకారం ఉంటుంది, మొలకెత్తే శక్తి ఉండదు. పెంకు ముక్కల నడుమ అదనంగా ఒక రసాయన బంధం కల్పించగా, అది 56 డిగ్రీల వేడిలో రెండు గంటలైనా చెదరలేదు. పశువులపై జరిపిన పరీక్షలో రక్షణ కూడా కనబడింది. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పందులకు వచ్చే సర్కోవైరస్ జబ్బుకు ఇటువంటి పెంకు టీకా అమెరికాలో 2006 నుండి అమ్మకంలో ఉన్నది గనుక ఇది గాలిమేడ కాదు.

వ్యాధి వచ్చిన పశువుకు ఉపశమనం కలిగించుటకు మన వంటింటి వస్తువులు అక్కరకు వస్తాయి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న యోగం ఇది: జీలకర్ర, మెంతులు, మిరియాలు పదేసి గ్రాములు అరగంట నానబెట్టి, పసుపు 10 గ్రాములు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, 120 గ్రాముల బెల్లంతో మెత్తగా నూరి, ఒక కొబ్బరికాయ తురుము కలిపి, నాలుకపైన, అంగిలిపైన రోజుకు మూడుసార్లు మృదువుగా పూయాలి. గిట్టల పుండ్లకు కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి గుప్పెడేసి, పది వెల్లుల్లి రెబ్బలు, 20 గ్రాముల పసుపు నూరి, పావులీటరు నువ్వుల నూనెలో కాచి, చల్లార్చి, కడిగి ఆరిన పుండుపై రాయాలి. ఇవి పుండ్లకు మేలు చేస్తాయి, వైరస్‌ను చంపవు సుమా! పశువైద్యుని పిలవడం మానవద్దు. జబ్బు పశువును వేరుగా కట్టి, లీటరు నీటికి 40 గ్రాముల బట్టలుతికే సోడా కలిపి కొట్టం నేల కడగాలి. ఈ వైరస్ క్షారాన్ని సహించదు.

మన దేశంలో 2019 నుండి జాతీయ కార్యక్రమం కింద ఆవులకు, గేదెలకు ఈ టీకా వేస్తున్నారు. సాధారణంగా ఆరునెలలకొకసారి వేయించాలి. దూడకు నాలుగు నెలలు నిండగానే మొదటిది, నెల గడిచాక రెండవది వేయించాలి. టీకా వేసిన తరువాత కొద్దిరోజులు పాలు తగ్గవచ్చు. ఈ భయంతోనే పలువురు దాటవేస్తున్నారు. జబ్బే వస్తే పోయే పాలతో పోల్చిన అది లెక్కలోనిది కాదు. టీకా వేయువారు వచ్చినపుడు పెట్టెలో ఐసు ఉన్నదో, కరిగి నీరైనదో మీరే మూత తీయించి చూడండి.