గిన్నె లోపలా తోమాలి

సంఘంలో చాలా ఏళ్ళు బైబిలు పాఠాలు చెప్పాను. శుద్ధి, అపవిత్రత అన్న మాటలు వచ్చినప్పుడల్లా చిన్నా పెద్దా ఒక్కటే అంటారు: యూదులది పైపై శుభ్రత, మనది హృదయశుద్ధి అని. విషయం అంత తేలిక కాదు. చదవగా, చెప్పగా, జనాన్ని చూడగా నాకు తెలిసివచ్చిన సంగతులు ఇవి.

1. అపవిత్రత వేరు, పాపం వేరు

లేవీయకాండము 12వ అధ్యాయం మగబిడ్డను కన్న తల్లికి 40 రోజులు, ఆడబిడ్డను కన్న తల్లికి 80 రోజులు శుద్ధికాలం పెట్టింది. బిడ్డను కనడం పాపమా? ఫలించి అభివృద్ధి పొందమన్నది దేవుడే కదా! సంఖ్యాకాండము 19లో శవాన్ని ముట్టినవాడు ఏడు రోజులు అపవిత్రుడు. ఎర్రని పెయ్య బూడిద కలిపిన నీళ్ళు మూడో రోజున, ఏడో రోజున అతని మీద చల్లాలి. శవాన్ని పాతిపెట్టడం మంచిపనే. ఆ బూడిదను పోగుచేసేవాడు కూడా సాయంకాలం దాకా అపవిత్రుడే. మన ఇళ్ళలో పురిటి మైల తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అపవిత్రుడంటే దుర్మార్గుడని కాదు, కొంతకాలం పరిశుద్ధస్థలానికి దూరంగా ఉండవలసినవాడని.

2. విమర్శ యూదుల ఇంట్లోనే పుట్టింది

క్రీస్తుకు ఏడు వందల ఏళ్ళకు ముందే యెషయా తన మొదటి అధ్యాయంలో బలులనూ పండుగలనూ నిలదీశాడు. నెత్తురంటిన చేతులు ప్రార్థనకు ఎత్తితే దేవుడు చూడడన్నాడు. కడుక్కోమని చెప్పి, ఎలా కడుక్కోవాలో కూడా చెప్పాడు: తండ్రిలేనివాడికి న్యాయం తీర్చాలి, విధవరాలి పక్షాన నిలబడాలి.

యూదు గురువులైన రబ్బీల బోధలున్న తాల్ముడ్‌లో ఒక కథ ఉంది. బలిపీఠం ఎక్కే దారిలో ఇద్దరు యాజకులు పోటీపడి పరుగెత్తారు. ఒకడు రెండోవాణ్ణి కత్తితో పొడిచాడు. కత్తిపోటు తిన్నవాడి తండ్రి వచ్చి, కొడుకు ఇంకా కొట్టుకుంటున్నాడు కాబట్టి కత్తికి అపవిత్రత అంటలేదన్నాడు! రబ్బీలు ఈ కథను దాచిపెట్టలేదు. మనిషి ప్రాణం కంటే పాత్రల శుద్ధి ఎక్కువైపోయిందని తమవాళ్ళను తామే తప్పుపట్టారు.

3. నీళ్ళకు సొంత మహిమ లేదు

మొదటి శతాబ్దపు రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయి తన శిష్యులకు చెప్పిన మాటగా యూదులు ఒకటి చెప్పుకుంటారు. శవమూ అపవిత్రం చేయదు, నీళ్ళూ శుద్ధి చేయవు, ఇది రాజాధిరాజు పెట్టిన కట్టడ, అందుకే పాటిస్తున్నామని ఆ మాటకు సారం. మృతసముద్రం దగ్గర 1947 నుంచి దొరికిన చుట్టల్లో ఒకటి, పశ్చాత్తాపపడనివాణ్ణి ఏ నీళ్ళూ శుద్ధి చేయలేవంటుంది. తాల్ముడ్ ఇంకా సూటిగా చెప్పింది: అపవిత్రమైన పురుగును చేతిలో పట్టుకుని లోకంలోని నీళ్ళన్నిటిలో మునిగినా లాభం లేదు. దాన్ని పారేస్తే స్నానానికి విధించిన 40 సెయాల (సెయా యూదుల కొలత) నీళ్ళు చాలు. బాప్తిస్మం గురించి పేతురు మొదటి పత్రిక చెప్పేదీ ఈ దారిలోనే ఉంది. ఒంటి మురికి వదలడం దాని పని కాదు, నిర్మలమైన మనస్సాక్షే ముఖ్యం.

4. యేసు గిన్నెను తోమవద్దనలేదు

యేసు కుష్ఠరోగిని బాగుచేసి, యాజకుడి దగ్గరికి వెళ్ళి మోషే విధించిన కానుక అర్పించమన్నాడు. పుదీనాలో, జీలకర్రలో కూడా దశమభాగం లెక్కకట్టేవాళ్ళను దాన్ని మానమనలేదు, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని మండిపడ్డాడు. గిన్నెను బయట మాత్రమే తోమేవాళ్ళతోనూ ముందు లోపల శుభ్రం చేయమన్నాడు. మార్కు 7లో చేతులు కడుక్కోవడం మీద మొదలైన గొడవను ఆయన నేరుగా తల్లిదండ్రుల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆస్తిని కొర్బాను అని దేవుడి పేర చెప్పేసి, ముసలి తల్లిదండ్రులకు పెట్టకుండా తప్పించుకునేవాళ్ళ గుట్టు విప్పాడు. హృదయంలో నుంచి బయలుదేరే చెడ్డవాటిని ఆయన వరుసపెట్టి చెప్పాడు: దొంగతనం, నరహత్య, వ్యభిచారం, లోభం, అసూయ. అవన్నీ చివరికి పక్కవాడి మీదే పడతాయి.

5. నియమం సాకు కాదు

మంచి సమరయుడి ఉపమానంలో, దారిలో కొన ఊపిరితో పడి ఉన్నవాణ్ణి చూసిన యాజకుడు శుద్ధి పోతుందనే భయంతో తప్పుకుపోయాడని ప్రసంగాల్లో చెబుతారు. లూకా ఆ కారణం రాయలేదు. యూదుల ధర్మనియమాల సంగ్రహమైన మిష్నా అయితే, సొంత తల్లిదండ్రుల శవాన్నయినా ముట్టకూడని ప్రధాన యాజకుడు సైతం, దిక్కులేని శవం కనబడితే దాన్ని పాతిపెట్టాలంటుంది. కాబట్టి ఆ యాజకుడి తప్పును ధర్మశాస్త్రం నెత్తిన రుద్దకండి. పని తప్పించుకోవాలనుకున్నవాడికి ఏ నియమమైనా సాకే అవుతుంది.

6. మనుషులకు ముద్ర వేయకూడదు

యొప్పేలో మిద్దె మీద పేతురు చూసిన దర్శనంలో ఉన్నవి అపవిత్రమని ఎంచిన జంతువులు. కైసరయలో అన్యజనుడైన కొర్నేలీ ఇంట అడుగుపెట్టాక, అది మనుషుల గురించేనని అతనికి అర్థమైంది. ఏ మనిషినీ అపవిత్రుడు అనకూడదన్నాడు. ఈ ఘట్టాన్ని ఎంతో బాగా బోధించి, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడిగేవాళ్ళు మన తెలుగు సంఘాల్లో ఉన్నారు. వాళ్ళు ఆ పాఠం చదివారే గాని వినలేదు.

7. పక్కవాడి లెక్క తేలాలి

తోటివాడి పట్ల చేసిన తప్పుకు, అతణ్ణి సమాధానపరచేదాకా ప్రాయశ్చిత్త దినం కూడా పనిచేయదని మిష్నా తీర్పు. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి, ముందు సహోదరుడితో సమాధానపడమని యేసు మాట. ఈ రెండు మతాలూ ఎన్నో చోట్ల విడిపోయాయి గాని, ఇక్కడ మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాయి.

తెల్లబట్టలు కట్టుకోండి, తలకు ముసుగు వేసుకోండి, ప్రభువు బల్లకు ముందు ఉపవాసం ఉండండి. వద్దనను. కానీ ఈ ఆదివారం బల్ల తీసుకునే ముందు, ఎవరి కూలి ఆపారో, ఎవరి అప్పు ఎగ్గొట్టారో, ఎవరి మనసు నొప్పించారో గుర్తు చేసుకోండి. శనివారం సాయంత్రంలోగా వాళ్ళ ఇంటికి వెళ్ళిరండి.