నెల్లూరు చిత్రనిర్మాత - పట్టాభి

పెన్నానది విడవలూరు ప్రాంతమున సముద్రమును చేరుచున్నది. ఆ నదీతీరమున, పూర్వము తిక్కన సోమయాజికి నివాసమైన నెల్లూరులో, తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1919వ సంవత్సరమున సంపన్న కుటుంబమున జన్మించెను. పట్టాభి అను పేరుతో ఇతడు ప్రసిద్ధుడు.

ఇతడు శాంతినికేతనమునను, కలకత్తాలోను, పిదప అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునను విద్య నభ్యసించెను. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అను కవితాసంపుటిని ప్రకటించెను. ఛందోనియమములను ధిక్కరించిన ఆ పుస్తకమును కొందరు మెచ్చిరి, కొందరు ఆక్షేపించిరి.

తరువాత పట్టాభి చిత్రనిర్మాణమున ప్రవేశించెను. కథను ఎన్నుకొనుట, ధనమును సమకూర్చుట, నటులను, సాంకేతికులను ఒకచోట చేర్చుట నిర్మాత పని. చిత్రము విఫలమైనచో ఆ నష్టమును భరించువాడును అతడే. కె. వి. రెడ్డి దర్శకత్వమున 1958లో వెలువడిన 'పెళ్ళినాటి ప్రమాణాలు' పట్టాభికి పాలుగల చిత్రము. దానికి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమానము లభించెను.

అటుపిమ్మట ఇతడు యు. ఆర్. అనంతమూర్తి రచించిన 'సంస్కార' అను కన్నడ నవలను చిత్రముగా తీయ నిశ్చయించి, తానే దర్శకత్వము వహించెను. ఒక అగ్రహారమున ఆచారమును మీరినవాడొకడు మరణించును. శవదహనము జరుగువరకు అచ్చట ఎవ్వరును భుజింపరాదు. అతనికి అంత్యక్రియలు ఎవరు చేయవలెను? పండితుడగు ప్రాణేశాచార్యుడు శాస్త్రములన్నియు వెదకియు సమాధానము కానలేకపోవును. ఆ పాత్రను గిరీశ్ కర్నాడ్ ధరించెను. పట్టాభి భార్య స్నేహలత చంద్రి పాత్రను పోషించెను. ఛాయాగ్రాహకుడు టామ్ కోవన్ ఆస్ట్రేలియా దేశీయుడు.

ఈ చిత్రము కులవైషమ్యములను రేపునని మద్రాసు సెన్సారు వారు దానిని నిషేధించిరి. ప్రదర్శనమే లేనిచో పడిన శ్రమయు, పెట్టిన ధనమును వ్యర్థమే గదా! తుదకు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ఆ నిషేధమును తొలగించెను. 1970వ సంవత్సరపు చిత్రములలో ఉత్తమ భారతీయ చిత్రమని 'సంస్కార'కే జాతీయ బహుమానము లభించెను. కన్నడ చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము. 1972లో స్విట్జర్లాండులోని లొకార్నో చిత్రోత్సవమునను దానికి బహుమతి వచ్చెను.

అయినను కష్టములు తీరలేదు. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, స్నేహలతను విచారణ లేకయే బెంగుళూరు కారాగారమున నిర్బంధించిరి. ఉబ్బసవ్యాధితో క్షీణించిన ఆమె 1977 జనవరిలో విడుదలయై, కొలది దినములకే మరణించెను. పట్టాభి చిత్రరచనను మానలేదు. అదే సంవత్సరమున 'చండమారుత'మును, 1993లో 'దేవర కాడు'ను లోకమున కందించెను. 2006లో బెంగుళూరున కన్నుమూసెను.

సంపన్నుల యింట పుట్టినవాడు సుఖముగా కాలము గడుపవచ్చును. పట్టాభి తన కలిమిని, కాలమును తాను సత్యమని నమ్మిన కథలకు వినియోగించెను. ఒకప్పుడు నిషేధింపబడిన చిత్రమే నేడు భారతీయ చలనచిత్ర చరిత్రలో ఆతని పేరును నిలుపుచున్నది.