‘డిస్కస్ అబౌట్’ ఎందుకు తప్పు?

ప్రశ్న: ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తే మా లెక్చరర్ కొట్టేశారు. ‘డిస్కషన్ అబౌట్’ మాత్రం సరే అన్నారు. ఎందుకీ తేడా? ప్రిపొజిషన్లు గుర్తుపెట్టుకోవడం ఎలా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీ లెక్చరర్ చెప్పిందే సరైనది. డిస్కస్ సకర్మక క్రియ. కర్మ దాని వెంటే నేరుగా వస్తుంది: ‘వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’. డిస్కషన్ నామవాచకం. అది కర్మను నేరుగా తీసుకోలేదు, అందుకే మధ్యలో అబౌట్ కావాలి. ఈ సూత్రం పట్టుకుంటే చాలా తప్పులు పోతాయి. ‘దే డిమాండెడ్ హయ్యర్ వేజెస్’ అనాలి. నామవాచకమైతే ‘ద డిమాండ్ ఫర్ హయ్యర్ వేజెస్’. అలాగే ‘షి ఎంఫసైజ్డ్ డిసిప్లిన్’, కానీ ‘ఎంఫసిస్ ఆన్ డిసిప్లిన్’.

మరికొన్ని తప్పులు మన విభక్తుల వల్ల వస్తాయి. తెలుగులో ఒకరితో పెళ్లి అవుతుంది కాబట్టి ‘మ్యారీడ్ విత్’ అని రాసేస్తాం. ‘మ్యారీడ్ టు’ అనాలి. ‘కంటే’ కనబడగానే దాన్ అనేస్తాం. కానీ సీనియర్, సుపీరియర్, ప్రిఫర్ తర్వాత టు వస్తుంది: ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’.

అగ్రీ లాంటి క్రియల్లో సందర్భాన్ని బట్టి ప్రిపొజిషన్ మారుతుంది. మనిషితో ఏకీభవిస్తే ‘అగ్రీ విత్’, ప్రతిపాదనకు ఒప్పుకుంటే ‘అగ్రీ టు’, ఇద్దరూ కలిసి తేదీ ఖాయం చేసుకుంటే ‘అగ్రీ ఆన్’.

జాబితాలు బట్టీ పట్టకండి. కొత్త క్రియ ఎదురైనప్పుడల్లా లెర్నర్స్ డిక్షనరీలోని ఉదాహరణ వాక్యం చూసి, ప్రిపొజిషన్‌తో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆపైన అదే పద్ధతిలో సొంతంగా ఒక వాక్యం రాయండి.