ఇంటి ధూళి – పసివారి ఊపిరి

2016లో ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా చలి తీవ్రతకు పేరుపడింది. పుష్యమాసంలో ఇక్కడి రాత్రి ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గుతుంది. పెట్టెల్లోని బొంతలు, గొంగళ్ళు బయటికి వస్తాయి. తలుపులు మూతపడతాయి. కొన్ని ఇళ్ళలో ఏరిన పత్తి అమ్ముడుపోయేదాకా మనుషులు పడుకునే గదిలోనే ఉంటుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది గడ్డుకాలం.

ఉబ్బసం అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. ఈ వ్యాధిగ్రస్తుల శ్వాసనాళికలు అతి సున్నితమైనవి. సరిపడని పదార్థం సోకగానే అవి వాచి, బిగుసుకొని, కఫంతో నిండుతాయి. ఊపిరి విడవడం కష్టమై పిల్లికూతలు వినిపిస్తాయి.

సరిపడని పదార్థాలు అనేకం ఇంట్లోనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ధూళిపురుగు విసర్జితం. సుమారు 0.3 మిల్లీమీటర్ల పొడవుండే ఈ జీవి, మన చర్మం నుండి రాలే పొట్టును తింటూ పరుపుల్లో, దిండ్లలో నివసిస్తుంది. ఇంటి ధూళివల్ల కలిగే అలర్జీకి దీనితో గల సంబంధాన్ని 1964లో నెదర్లాండ్స్ పరిశోధకులు వెల్లడించారు. బొద్దింకలు, తడిగోడల బూజు, పెంపుడు జంతువుల నూగు కూడా ఇటువంటివే. పత్తి ధూళి, పొయ్యి పొగ, బీడీ పొగ, దోమల బత్తి పొగ శ్వాసనాళికలను మరింత రెచ్చగొడతాయి.

నివారణకు పెద్ద ఖర్చు అవసరం లేదు. దుప్పట్లను, దిండు గలీబులను వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. పొడిచీపురుతో ఊడ్చేబదులు తడిగుడ్డతో తుడవాలి. దులిపేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి. పత్తిని వేరే కొట్టంలో నిల్వచేయాలి. ఇంట్లో ఎవరూ పొగ తాగరాదు. అందరు పిల్లలకూ ఒకే పదార్థం పడకపోదు. ఏది సోకితే ఆయాసం వస్తున్నదో తల్లిదండ్రులు గమనించాలి. ఒక్క దిండు మార్చినంత మాత్రాన ఫలితం ఉండదు. ఈ జాగ్రత్తలన్నీ కలిసినప్పుడే మేలు.

అయితే శుభ్రత మందుకు తోడే గాని, బదులు కాదు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో కొందరు దానిని మాన్పిస్తారు. నిజానికి అది మైక్రోగ్రాముల మోతాదులో మందును నేరుగా ఊపిరితిత్తులకు చేరుస్తుంది, వ్యసనం కాదు. పిల్లవాడు మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలిబారినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. చీపురు పట్టే చేయి, మందు ఇచ్చే చేయి కలిస్తేనే పసివాడు హాయిగా నిద్రిస్తాడు.

అర్థాలు
గడ్డుకాలం = కష్టకాలం
విసర్జితం = మలం
గలీబు = దిండు తొడుగు

ప్రశ్నలు
1. ఉబ్బసం వచ్చినప్పుడు శ్వాసనాళికల్లో కలిగే మార్పులేవి?
2. "శుభ్రత మందుకు తోడే గాని, బదులు కాదు" – వివరించండి.